చీకట్లో గన్ గురి కుదరాలంటే ఏ సైట్ కావాలి?.. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లైసెన్స్‌దారులు తెలుసుకోవాల్సింది ఇదీ!

పగటిపూట గురి చూడటం ఒక ఎత్తు.. చీకట్లో గురి చూడటం మరో ఎత్తు. లైసెన్స్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, లక్షకు పైగా పెట్టి రివాల్వర్ కొన్నవాళ్లకు కూడా ఈ తేడా తెలిసేది పొద్దుగూకాక గన్ చేతిలోకి తీసుకున్నప్పుడే. నల్లటి గన్ మీద నల్లటి సైట్.. ఎదురుగా చీకటి. గన్ ఎటు చూస్తోందో పట్టుకున్న మనిషికే తెలియదు.

అక్కడి నుంచి మొదలవుతుంది వెతుకులాట. యూట్యూబ్ తెరిస్తే అమెరికా వీడియోలు.. ట్రిటియం, ఫైబర్ ఆప్టిక్, రెడ్ డాట్, లేజర్.. ఒక్కోడు ఒక్కోటి బెస్ట్ అంటాడు. మరి గద్వాలలో విత్తన వ్యాపారి దగ్గరున్న రివాల్వర్‌కి, వనపర్తిలో బంగారం షాపు ఓనర్ దగ్గరున్న పిస్టల్‌కి, అచ్చంపేట వైపు తోటలో ఒంటరి ఇంట్లో ఉండే మనిషి గన్‌కి వీటిలో ఏది పనికొస్తుంది? చట్టం దేనికి ఒప్పుకుంటుంది?

వివరాల్లోకి వెళ్లే ముందు ఒక్క మాట. సైట్ ఎంత ఖరీదైనదైనా మీ గన్ ఎటు చూస్తోందో మాత్రమే చెబుతుంది. ఎదురుగా ఉన్నది దొంగా, పక్కింటి పిల్లాడా, రాత్రి మోటార్ వేయడానికి బయల్దేరిన రైతా అన్నది చెప్పదు. సైట్ల గురించి ఏం చదివినా ఈ తేడా మర్చిపోతే ప్రమాదమే.

అసలు గురి ఎలా కుదురుతుంది?

బ్యారెల్ చివర నిలబడి ఉండే చిన్న బ్లేడు ముందు సైట్. పోలీసులు దీన్ని ఫోర్‌సైట్ అంటారు. వెనక వైపు గాడిలా ఉండేది బ్యాక్‌సైట్. ఫోర్‌సైట్ ఆ గాడి మధ్యలో కనిపించాలి. పైఅంచులు రెండూ ఒకే మట్టంలో ఉండాలి. బ్లేడుకు రెండు పక్కలా సమానంగా వెలుతురు సన్నగా కనబడాలి. గురి అంటే ఇంతే. గమనించారా, మొత్తం కథ నడిచేది ఆ సన్నటి వెలుతురు మీదే. చీకటి పడగానే ముందు పోయేది కూడా అదే.

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. పొట్టి రివాల్వర్ మీద రెండు సైట్ల మధ్య దూరం 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఫోర్‌సైట్ ఒక్క మిల్లీమీటర్ పక్కకు జరిగితే 25 మీటర్ల దూరంలో బుల్లెట్ దాదాపు 21 సెంటీమీటర్లు తప్పుతుంది. అంటే గురి పూర్తిగా పోయినట్టే. అదే 5 మీటర్ల దూరంలో అయితే? తేడా 4 సెంటీమీటర్లు మాత్రమే. ఇంట్లో హాలు ఈ చివర నుంచి ఆ చివరకు ఉండేది సుమారుగా ఆ 5 మీటర్లే.

దీన్నిబట్టి అర్థమయ్యేది ఏంటంటే, ఇంటి లోపలి దూరాల్లో సైట్ సూది మొనలా కనిపించాల్సిన పనిలేదు. ఫోర్‌సైట్ ఎక్కడుందో కంటికి చటుక్కున తగిలితే చాలు. వేలకు వేలు పోసి కొనే సైట్ ఇచ్చే అదనపు ఖచ్చితత్వం అక్కడ పెద్దగా అక్కరకు రాదు.

ట్రిటియం.. చీకట్లో దానంతట అదే వెలుగుతుంది, కానీ!

నైట్ సైట్స్ అంటే ప్రపంచవ్యాప్తంగా ముందు గుర్తొచ్చేది ట్రిటియం. ఇది హైడ్రోజన్‌లోనే ఒక రకం, రేడియోధార్మిక వాయువు. చిన్న గాజు గొట్టంలో దీన్ని నింపి, గొట్టం లోపలి గోడకు మెరిసే పూత పూస్తారు. ట్రిటియం నుంచి వచ్చే బలహీనమైన బీటా కిరణాలు ఆ పూతను తాకి వెలుగు పుట్టిస్తాయి. బ్యాటరీ అక్కర్లేదు, స్విచ్ లేదు, ముందుగా ఎండలో పెట్టాల్సిన పనీ లేదు.

లోపం ఏంటంటే దాని వయసు. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. అంటే ఇవాళ కొన్న సైట్ పన్నెండేళ్లకు సగం వెలుగే ఇస్తుంది. లోపలి పూత కూడా పాతబడుతుంది కాబట్టి నిజానికి అంతకన్నా ముందే మసకబారుతుంది. సెకండ్ హ్యాండ్‌లో 'నైట్ సైట్' అంటే తయారైన సంవత్సరం అడగాల్సిందే.

ఇక మన దేశంలో రేడియోధార్మిక పదార్థాలు అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ పరిధిలోకి వస్తాయి. పైగా సామాన్యులు విదేశీ గన్‌లు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్య నుంచే ఆగిపోయింది. వీడియోల్లో చూపించే ట్రిటియం సైట్లన్నీ దాదాపుగా ఆ విదేశీ పిస్టళ్ల కొలతలకు చేసినవే. మన రివాల్వర్ మీద అవి కూర్చోవు. తక్కువ రేటుకు ఆన్‌లైన్‌లో దొరికే 'గ్లో సైట్' విషయం మరీ అధ్వానం. చాలావరకు బొమ్మ తుపాకులకు చేసిన ప్లాస్టిక్ సరుకు అది.

ఫైబర్ ఆప్టిక్, రేడియం పెయింట్ సంగతేంటి?

ఫైబర్ ఆప్టిక్ అంటే రంగు ప్లాస్టిక్ పుల్ల. చుట్టూ ఉన్న వెలుతురును పక్కల నుంచి లాక్కుని చివరి చుక్కలో చూపిస్తుంది. మధ్యాహ్నం నిప్పుకణంలా మెరుస్తుంది, మసక వెలుతురులోనూ కొంత నయం. పూర్తి చీకట్లో మాత్రం లాక్కోవడానికి వెలుతురే ఉండదు కాబట్టి మామూలు పుల్లే. పగటి పోటీలకు బాగుంటుందని తీసుకుని రాత్రికీ అదే చాలనుకుంటే పొరపాటు.

జనం నోట్లో 'రేడియం' అని నానే మెరిసే పెయింట్ ఇంకో రకం. గడియారాల్లో, స్విచ్ బోర్డుల మీద అంటించే స్టిక్కర్లలో ఉండేది ఇదే. పేరుకే రేడియం.. ఇప్పుడు వాడేది రేడియోధార్మికం కాదు. వెలుతురు తాగి కాసేపు తిరిగి ఇస్తుంది. బీరువాలో, హోల్‌స్టర్‌లో రోజంతా ఉన్న గన్ మీద ఆ పెయింట్‌కి తాగడానికి వెలుతురేదీ? టార్చ్ వెలుగు కొన్ని సెకన్లు పడితే మళ్లీ మెరుస్తుంది, కొద్ది నిమిషాల్లోనే తగ్గుముఖం పడుతుంది.

రెడ్ డాట్ విషయానికొస్తే, చిన్న అద్దం మీద ఎర్ర చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క ఎక్కడుంటే గురి అక్కడ. ఫోర్‌సైట్, బ్యాక్‌సైట్ కలపాల్సిన తిప్పలు లేవు. వయసు మీద పడ్డ కళ్లకు ఇది నిజంగా వరం. కానీ చీకట్లో చుక్క కాంతి ఎక్కువ పెడితే అద్దం నిండా ఎర్రగా పరుచుకుని వెనకున్న మనిషి కనబడడు. కంటిలో ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు చుక్క బదులు చెదిరిన నక్షత్రం కనిపిస్తుంది. బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందో కూడా చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మన దగ్గర దొరికే రివాల్వర్లకు దాన్ని బిగించే ఏర్పాటు ఉండదు. ఫ్రేముకు డ్రిల్లింగ్ మెషిన్‌తో రంధ్రాలు చేయించడం అన్న ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి.

లేజర్ గురించి రెండే మాటలు. చుక్క ఎక్కడ పడిందో చూపిస్తుంది, ఎవరి మీద పడిందో చూపించదు. జాతరలో కొన్న లేజర్ లైట్‌ని టేపుతో చుట్టే ప్రయోగం అయితే మొదటి రౌండ్ కుదుపుకే గురి తప్పుతుంది.

మన చేతిలో ఉన్న గన్ ఏది?

దేశంలో సామాన్యుడికి వచ్చేది నాన్ ప్రొహిబిటెడ్ బోర్ లైసెన్స్. 9 ఎంఎం ప్రొహిబిటెడ్ కిందకు వస్తుంది. బీచుపల్లి దగ్గరి 10వ స్పెషల్ పోలీస్ బెటాలియన్ లాంటి బలగాలు వాడే స్థాయి ఆయుధాలు మామూలు లైసెన్స్ మీద రావు. అందుకే ఎక్కువగా కనిపించేది .32 బోర్. ప్రభుత్వ ఫ్యాక్టరీల .32 రివాల్వర్, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే అశని పిస్టల్, 2014లో మహిళల కోసమంటూ వచ్చిన అర కిలో బరువున్న నిర్భీక్, 2023 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన ప్రబల్.. ఇవీ పేర్లు. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయ్యాక చిన్న ఆయుధాల తయారీ కాన్పూర్ కేంద్రంగా ఉన్న ఏడబ్ల్యూఈఐఎల్ చేతికి వెళ్లింది.

పాత .32 రివాల్వర్ డిజైన్ బ్రిటిష్ కాలపు వెబ్లీ నుంచి వచ్చింది. సైట్లు కూడా ఆ కాలం నాటివే. ముందు బ్లేడు, వెనక ఫ్రేములోనే తీసిన గాడి. విప్పి మార్చే వీలు లేదు. కాబట్టి 'ఏ సైట్ ఎంచుకోవాలి' అన్న ప్రశ్నకు మన జిల్లాల్లో చాలామందికి మిగిలే ఎంపిక ఒకటే.. ఉన్న ఫోర్‌సైట్‌నే కంటికి కనబడేలా చేసుకోవడం.

ఎరుపు కాదు.. ఆకుపచ్చ!

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఫోర్‌సైట్ వెనక వైపు, అంటే మీ కంటికి కనిపించే ముఖం మీద రంగు వేయడమే. ముందుగా గన్ ఖాళీ చేసి, ఛాంబర్లన్నీ రెండుసార్లు చూసి, రౌండ్లు వేరే గదిలో పెట్టాలి. తర్వాత ఆ చోట నూనె జిడ్డు స్పిరిట్‌తో తుడవాలి. కింద తెల్ల రంగు ఒక పూత, అది ఆరాక పైన మెరిసే రంగు పూత. నెయిల్ పాలిష్‌తో కానిచ్చేసేవాళ్లూ ఉన్నారు, పని జరుగుతుంది కానీ క్లీనింగ్ ఆయిల్ తగిలితే లేచిపోతుంది. బ్యాక్‌సైట్‌కి మాత్రం ఏమీ వేయొద్దు. రెండూ మెరిస్తే కన్ను దేన్ని పట్టుకోవాలో తేల్చుకోలేదు. సీరియల్ నంబర్ మీద చుక్క రంగు కూడా పడకూడదు.

చాలామంది ఎరుపు, నారింజ వేస్తారు. పగలు అవి అదిరిపోతాయి. పొద్దుపోయాక? వెలుతురు తగ్గేకొద్దీ మన కన్ను ఎరుపును నల్లగా, నీలం-ఆకుపచ్చ వైపు రంగులను కాస్త ప్రకాశవంతంగా చూస్తుంది. దీన్ని పుర్కింజే ఎఫెక్ట్ అంటారు. సాయంత్రం పెరట్లో ఎర్ర మందారం నల్లబడినట్టు అనిపించి, ఆకులు ఇంకా కనిపిస్తుంటాయి కదా.. అదే ఇది. కాబట్టి రాత్రి కోసం అయితే లేత ఆకుపచ్చ లేదా తెలుపు మేలు.

అసలు సమస్య గన్‌లో కాదు, కళ్లల్లో ఉండొచ్చు

లైసెన్స్ తీసుకునేవాళ్లలో నలభై దాటినవాళ్లు బోలెడుమంది. ఆ వయసుకు చత్వారం మొదలవుతుంది. చెయ్యి చాపితే ఫోర్‌సైట్ కంటికి సుమారు 60 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పేపర్ చదివే అద్దాలు అంతకన్నా దగ్గరి దూరానికి ఇచ్చినవి. దూరపు చూపు అద్దాలేమో అంతకన్నా దూరానికి. అంటే ఫోర్‌సైట్ రెండింటికీ మధ్యలో, ఎవరికీ చెందని చోట పడింది.

పగలు కంటిపాప చిన్నదై ఈ మసకను కొంత కప్పిపుచ్చుతుంది. రాత్రి కంటిపాప విచ్చుకోగానే అదే సైట్ రెండుగా, దూదిపింజలా కనిపిస్తుంది. కొత్త సైట్ కొనే ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి 'చెయ్యి చాపినంత దూరంలో ఉన్న వస్తువు స్పష్టంగా కనబడాలి' అని చెప్పి పరీక్ష చేయించుకోవడం చవకైన పని, లాభమూ ఎక్కువ.

ఇంకో సంగతి.. మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పోగొట్టడానికి ఒక్క సెకను చాలు. అర్ధరాత్రి చప్పుడైందని లేచి ముందుగా ఫోన్ స్క్రీన్ చూస్తే ఆ అలవాటంతా గోవిందా. మూడు అంగుళాల బ్యారెల్ నుంచి వచ్చే మంట కూడా అంతే. మొదటి రౌండ్ తర్వాత కళ్ల ముందు కాసేపు మచ్చ తప్ప ఏమీ ఉండదు.

టార్చే అసలు సైట్

చీకట్లో గన్ వాడకం నేర్పే శిక్షణల్లో సైట్ కంటే ముందు లైట్ గురించి చెప్పేది ఇందుకే. మనిషిని గుర్తుపట్టేది లైట్ వల్ల. పైగా బలమైన టార్చ్ ఎదుటి గోడ మీద పడితే ఆ వెలుగు ముందు నల్లటి ఫోర్‌సైట్ నీడబొమ్మలా చక్కగా కనిపిస్తుంది. ట్రిటియం అక్కర్లేకుండానే!

అయితే గన్‌కే బిగించే లైట్ కన్నా చేతిలో విడిగా ఉండే టార్చ్ ఇంటికి మంచిది. కారణం సింపుల్. గన్ మీద లైట్ ఉంటే ఎవరి మీద వెలుగు వేయాలన్నా వాళ్ల మీదకు గన్ గురి పెట్టాల్సిందే. అలికిడి చేసింది ఆలస్యంగా ఇంటికొచ్చిన కొడుకే అయితే, తండ్రి గన్ ముందుగా వాడి వైపు తిరుగుతుంది. విడి టార్చ్ అయితే గన్ నేల వైపు ఉంచి వెలుగు ఎటైనా వేయొచ్చు. బీరువా అద్దం మీద, స్టీలు సామాన్ల మీద వెలుగు పడితే తిరిగి మీ కళ్లల్లోనే కొడుతుంది కాబట్టి ఇంట్లో ఏ మూల ఏముందో ముందే ఒకసారి లైట్లు ఆపి, గన్ లేకుండా, టార్చ్‌తో తిరిగి చూసుకోవాలి. వాకిట్లో, పెరట్లో సెన్సార్ లైటు పెట్టించుకుంటే సగం బాధ తప్పుతుంది. అందులో గన్ ప్రసక్తే లేదు.

చట్టం ఏం చెబుతోంది?

మూడు జిల్లాల్లోనూ లైసెన్స్ ఇచ్చేది కలెక్టరే, పోలీసుల నివేదిక చూశాక. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల రూల్స్ దీనికి ఆధారం. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర గరిష్ఠంగా రెండు గన్‌లే ఉండాలి, లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గన్ చప్పుడును, మంటను తగ్గించే పరికరాలను చట్టం ఫైర్‌ఆర్మ్ కిందే లెక్కగడుతుంది. రంగు చుక్క వేరు, పరికరం బిగించడం వేరు. ఏది బిగించాలన్నా ముందు లైసెన్సింగ్ అధికారిని రాతపూర్వకంగా అడగాలి, పని చేయించేది లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ దగ్గరే. తెలిసిన లేత్ వర్క్‌షాప్‌లో ఇచ్చి వస్తే ఇద్దరూ చిక్కుల్లో పడతారు.

ఆత్మరక్షణ హక్కు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి వచ్చేవాళ్ల విషయంలో 41వ సెక్షన్ ఎక్కువ వెసులుబాటు ఇస్తుంది. ఇది విని రాత్రయితే ఎవరినైనా కాల్చొచ్చని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. అది తప్పు. అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్ గీత గీసింది. తలుపు పగలడం వేరు, పెరట్లో నీడ కదలడం వేరు. 'చీకట్లో సరిగా కనబడలేదు' అన్న మాటే కోర్టులో ఎదురు తిరగొచ్చు.

నల్లమల అంచున ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. అడవి పందులు పంటను నాశనం చేస్తున్నాయని రాత్రి గన్ పట్టుకుని చేలోకి వెళ్లాలనిపించవచ్చు. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. అధికారిక అనుమతి లేకుండా కాల్చడం నేరం. అభయారణ్యంలోకి ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడం కూడా 31వ సెక్షన్ కింద నిషేధం. దాదాపు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పక్కనే ఉన్న ఊళ్లకు ఇది రోజువారీ విషయం. చట్టం పక్కన పెట్టినా, పొట్టి రివాల్వర్‌తో చీకట్లో పందిని కొట్టడం సాధ్యమయ్యే పని కాదు. చేలో కదిలింది పందే అనుకుని కాలిస్తే అక్కడ పడింది మనిషి అయిన ఘటనలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగాయి.

ఛాంపియన్లు ఏ సైట్ వాడతారు?

హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో టీమ్ స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. ఆ పోటీల్లో రెడ్ డాట్, లేజర్, ఫైబర్ ఆప్టిక్ ఏవీ ఒప్పుకోరు. నల్లటి బ్లేడు, నల్లటి గాడి అంతే. కాకపోతే అక్కడ వెలుతురు లెక్కగట్టి పెడతారు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో టార్గెట్ మీద కనీసం 1,500 లక్స్ ఉండాలన్నది అంతర్జాతీయ నిబంధన. అంత వెలుతురు ఉంటే నల్ల సైట్‌ను మించింది లేదు. రేంజ్‌లో పదికి పది కొట్టినవాళ్లు కూడా ఇంట్లో కరెంటు పోతే తడబడేది అందుకే. అది చేతి తప్పు కాదు, వెలుతురు లేకపోవడం.

ఇంట్లోనే సాధన చేయాలంటే ఖాళీ గన్‌తో, పక్కా గోడ వైపు, పొద్దుగూకే వేళ ఫోర్‌సైట్ ఎంతసేపటి వరకు కనిపిస్తోందో చూసుకోవచ్చు. కనబడటం ఆగిపోయిన నిమిషాన్ని గుర్తుపెట్టుకుని, రంగు మార్చి మర్నాడు అదే వేళకు మళ్లీ చూస్తే ఏ రంగు మీ కంటికి సరిపడిందో తేలిపోతుంది.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా లైసెన్స్ గన్‌లు స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సి వస్తుంది. నెలల తర్వాత తిరిగి తెచ్చుకున్నప్పుడు ఫోర్‌సైట్ దేనికైనా తగిలి వంగిందా, రంగు లేచిపోయిందా అన్నది రసీదు మీద సంతకం పెట్టే ముందే, పగటి వెలుతురులో చూసుకోవాలి.